వెనక పేజీ నుంచి ఉద్దానం

ఏ రీసెర్చ్ పేపర్ చేతికొచ్చినా నేను చివరి పేజీ నుంచే చదువుతాను. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళకి అబ్బే అలవాట్లలో ఇదొకటి. మామూలు పాఠకులు మొదటి పేజీలో సారాంశం చూస్తారు, ఓపికుంటే ఫలితాల దాకా వెళ్తారు. రిఫరెన్సుల జాబితా వచ్చేసరికి ఇంక అయిపోయిందని మూసేస్తారు. నాకు అక్కడే మొదలవుతుంది. రాసినవాళ్ళు ఎవరి మాట విన్నారు, ఎవరి మాట వినలేదు, ఎవరి పేరు చెప్పకపోతే బాగోదనుకున్నారు, అన్నీ ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. మా పెద్దమ్మ పెళ్ళి శుభలేఖ తిరగేసి, కింద 'బంధుమిత్రుల అభినందనలతో' దగ్గర ఏ పేర్లున్నాయో ఏవి లేవో చూసి ఆ ఇంటి గొడవలన్నీ చెప్పేస్తుంది. నా చదువు కూడా దాదాపు అలాంటిదే.

కొన్నాళ్ళ కింద, విశాఖపట్నంలో నేను పనిచేసే లైబ్రరీలో ఒక పని అప్పజెప్పారు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పరిశోధన ఎప్పుడు మొదలై ఎలా పెరిగిందో సైటేషన్ల ఆధారంగా ఒక మ్యాప్ గీయాలి. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ సంగతి తేలికే. రోగి గురించిన సమాచారాన్ని రాసుకోవడం, దాచడం, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి చేర్చడం, వేలమంది సమాచారం కలిపి చూసి ఏదైనా అర్థం తీయడం. ఏఎన్ఎం రిజిస్టర్ నుంచి ఆసుపత్రి కంప్యూటర్ దాకా అన్నీ ఇందులోకే వస్తాయి.

ఆ పని చేస్తూ చేస్తూ నేను ఇంకో మ్యాప్ గీశాను. అది ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం ఆ రెండో మ్యాప్ గురించి. కానీ మొదటిది ఎలా గీస్తారో చెప్పకపోతే రెండోది ఎందుకు గీశానో అర్థం కాదు.

1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన లాయర్ల కోసం ఒక జాబితా అమ్మడం మొదలుపెట్టాడు. ఒక పాత తీర్పుని ఆ తర్వాత ఏయే తీర్పుల్లో ఉదహరించారు, సమర్థించారా, కొట్టేశారా అన్నది ఆ జాబితా చెప్తుంది. ఎనభై ఏళ్ళ తర్వాత యూజీన్ గార్‌ఫీల్డ్ అదే పద్ధతిని సైన్సుకి ఎందుకు వాడకూడదు అనుకున్నాడు. 1955లో 'సైన్స్' పత్రికలో ఆ ఆలోచన రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆయన చేసిందల్లా జాబితాని తిరగెయ్యడమే. పేపర్ వెనక ఉండే రిఫరెన్సులు తనకంటే పాతవాళ్ళని చూపిస్తాయి. గార్‌ఫీల్డ్ ఇండెక్స్‌లో ఒక పాత పేపర్ దగ్గర నిలబడి, తర్వాత దాన్ని తలుచుకున్నవాళ్ళంతా ఎవరో చూడొచ్చు. తాత నుంచి మనవల దాకా వంశవృక్షం వేసినట్టు.

మన దగ్గర కూడా ఈ దారిలో ఆలోచించినవాళ్ళున్నారు. మద్రాసులో లైబ్రేరియన్‌గా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్, లైబ్రరీ వ్యవహారాలకి గణాంకాల పద్ధతులు వాడాలని చెప్తూ 1948లోనే దానికి 'లైబ్రమెట్రీ' అని పేరు పెట్టాడు. తర్వాత 1973లో హెన్రీ స్మాల్ ఒక చక్కటి సంగతి పట్టుకున్నాడు. రెండు పాత పేపర్లని కొత్తవాళ్ళు పదే పదే జంటగా ఉదహరిస్తుంటే, ఆ రెండూ ఒకదాన్నొకటి ఎరగకపోయినా, వాటి మధ్య చుట్టరికం ఉన్నట్టే. దీన్ని కో-సైటేషన్ అంటారు. ఇలాంటి లక్షల చుట్టరికాలని వోస్‌వ్యూయర్ లాంటి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే చుక్కలూ గీతలూ రంగులతో ఒక బొమ్మ వేసిపెడుతుంది. ఎక్కువమంది ఉదహరించిన పేపర్ పెద్ద చుక్క. దగ్గరి చుట్టాలు దగ్గరగా, దూరపువాళ్ళు దూరంగా.

హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ బొమ్మ బాగా వచ్చింది. గార్‌ఫీల్డ్ ఇండెక్స్ వచ్చిన 1964లోనే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వైద్య వ్యాసాల సూచికని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. 1997లో పబ్‌మెడ్‌ని అందరికీ ఉచితం చేసింది. ఆ మధ్య కాలంలో చుక్కలు అక్కడక్కడ చెదురుమదురుగా ఉంటాయి, తర్వాత గుంపులు కడతాయి. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇలాంటి మ్యాపే వేసి ఈ రంగంలో మూడు గుంపులు చూపించారు. ఆసుపత్రి సమాచార వ్యవస్థల్ని పెట్టడం, నడపడం, అంచనా వేయడం ఒకటి. వైద్య జ్ఞానాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాయడం ఒకటి. సిగ్నల్స్, డేటా విశ్లేషణ ఒకటి. నా బొమ్మలోనూ ఆ మూడు గుంపుల పోలికలు కనిపించాయి. మా సార్‌కి నచ్చింది. ప్రింట్ తీసి గోడకి పెట్టించారు.

ఆ బొమ్మలో నేను వెతికింది మాత్రం శ్రీకాకుళం జిల్లాని. దానికి కారణం ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి విడతలో తీసుకున్నవి మూడే జిల్లాలు. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. పథకం నడిచిందే కంప్యూటర్ మీద. రోగి వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో రావాలి, బిల్లు ఆన్‌లైన్‌లో పోవాలి. అంటే మా జిల్లా మనుషుల జబ్బులు అప్పటినుంచే డిజిటల్ రికార్డులుగా మారుతున్నాయి. అన్ని రికార్డులు పుట్టిన చోటు గురించి పరిశోధనలో ఏముందో చూద్దామనిపించింది. చూస్తే ఎదురొచ్చింది ఒకటే పేరు. ఉద్దానం.

మా అమ్మది కవిటి దగ్గర ఊరు. ఉద్దానం అంటే ఉద్యానం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస. వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్తే పగలంతా తోటలోనే ఉండేవాళ్ళం, ఎండ తెలిసేది కాదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల పేర్లు పేపర్లో కనిపిస్తే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కొబ్బరి కాదు, కిడ్నీ జబ్బు. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు నెమ్మదిగా పోతాయి. తెలిసేసరికి సగం పైగా పోయుంటాయి. మా చిన్నమావకి అలాగే తెలిసింది. వారానికి మూడు రోజులు డయాలసిస్.

అందుకని రెండో మ్యాప్ మొదలుపెట్టాను. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద వచ్చిన శాస్త్రీయ సాహిత్యం మొత్తానికి.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. తెలుగులో ఉద్దానం అని ఒక్కలాగే రాస్తాం. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆ ఊరి పేరు మూడు రకాలుగా చీలింది. కొందరు రెండు డీలు రాశారు, కొందరు ఒక డీ పక్కన హెచ్ పెట్టారు, కొందరు రెండు డీలూ పెట్టి హెచ్ కూడా తగిలించారు. మనకి ఇది నవ్వులాట. కంప్యూటర్‌కి అవి మూడు వేర్వేరు చోట్లు. 2009లో అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ పత్రికలో ఒక చిన్న సారాంశం వచ్చింది. అందులో పేరు హెచ్‌తో ఉంటుంది. రెండు డీలతో వెతికేవాళ్ళకి అది తగలదు. ఆ జబ్బు గురించి అంతర్జాతీయ పత్రికలకెక్కిన తొలి మాటల్లో అదొకటి. ఒక్క అక్షరం తేడాతో పక్కన పడిపోతుంది.

అంతకుముందు సంగతి? ఊళ్ళో ఈ జబ్బు గురించి మాట్లాడుకోవడం 1990ల నుంచే ఉంది. సోంపేట చుట్టుపక్కల డాక్టర్లకి తెలుసు, తెలుగు దినపత్రికల జిల్లా పేజీలకి తెలుసు. డేటాబేస్‌లో మాత్రం ఆ కాలమంతా ఖాళీ.

తర్వాత చుక్కలు ఒక్కొక్కటే వస్తాయి. 2013లో తాగునీటి వైపు నుంచి చూసిన పేపర్ ఒకటి, పర్యావరణ భూరసాయన పత్రికలో. 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ కిడ్నీ డిసీజెస్‌లో ఇంకొకటి. దాని శీర్షికలోనే ఇవి ప్రాథమిక ఫలితాలనీ ఇంకా పరిశోధన చేయండనీ ఒక విన్నపం ఉంది. శాస్త్ర పత్రికల్లో శీర్షికలోనే బతిమాలుకోవడం నేను ఎక్కువ చూడలేదు. 2019లో డాక్టర్ టి. రవిరాజు బృందం సర్వే, 2020లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సర్వే, రెండూ కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్‌లో. ఒక్కోదాంట్లో రెండు వేల మందికి పైగా పెద్దవాళ్ళని పరీక్షించారు. చూసినవాళ్ళలో సుమారు ఐదుగురికి ఒకరి చొప్పున కిడ్నీ జబ్బు లక్షణాలు కనిపించాయి. ఈ రెండు చుక్కలూ వచ్చాక బొమ్మ నిండడం మొదలవుతుంది.

అయితే నిండింది ఒంటరిగా కాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి ఇలాంటి జబ్బే. మధ్య అమెరికాలో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో కూలీలకి ఇలాంటిదే. ఎల్ సాల్వడార్ గురించి తొలి ముఖ్యమైన పేపర్ 2002లో స్పానిష్‌లో వచ్చింది. చాలాకాలం ఈ మూడు చోట్లూ మూడు దీవులు. ఎవరి పేరు వారిది. 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు' అన్న ఉమ్మడి పేరు, సీకేడీయూ, వాడుకలోకి వచ్చాక గీతలు కలిశాయి. ఒక పేపర్ శ్రీలంకనీ నికరాగ్వానీ ఉద్దానాన్నీ ఒకే వాక్యంలో ఉదహరించడం మొదలైంది. హెన్రీ స్మాల్ చెప్పిన చుట్టరికం ఇదే. కవిటి కొబ్బరి రైతుకి నికరాగ్వా చెరకు కూలీ చుట్టమని మొదట చెప్పింది ఈ రిఫరెన్సుల జాబితాలే.

అందుకే సైటేషన్ లెక్కలంటే ప్రమోషన్ల కోసం, ర్యాంకుల కోసం ఆడే ఆట అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆ ఆట ఉంది, కాదనను. ఎవరి పేపర్‌ని వాళ్ళే ఉదహరించుకోవడం, నువ్వు నాది నేను నీది అని మాట్లాడుకోవడం, అన్నీ ఉన్నాయి. పేరున్నవాళ్ళకే ఇంకా పేరు వస్తుందని రాబర్ట్ మెర్టన్ 1968లోనే రాశాడు, దానికి మాథ్యూ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. అయినా ఆ జాబితాలు లేకపోతే విడివిడిగా బాధపడుతున్న మూడు చోట్లు ఒక దగ్గరికి చేరేవి కావు. ఒక్క ఊరి జబ్బైతే 'అక్కడి నీళ్ళు మంచివి కావు' అని వదిలేస్తారు. రెండు ఖండాల్లో ఎండలో పనిచేసే మనుషులకే వస్తోందంటే ప్రశ్న మారిపోతుంది. ఎండ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నీళ్ళలో సిలికా, పురుగుమందులు, ఒళ్ళునొప్పులకి మింగే మాత్రలు, వంశపారంపర్యం. అనుమానితులు చాలామందే. నేరం ఎవరిదో ఇంకా తేలలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఈ బొమ్మ తెరిచుంటే చిన్నమావ పక్కన కూచుని చూశాడు.

"ఏటే గుంటా, ఇదేటి, ముగ్గా?"

నిజంగానే ముగ్గులా ఉంది. చుక్కలు, మధ్యలో గీతలు, నాలుగు రంగులు.

"ముగ్గు కాదు మావా. మన కిడ్నీ జబ్బు మీద ఎవులెవులు రాసినారో, ఎవులు ఎవుల మాట తలిచినారో ఆ లెక్క."

"మరి మనూరేది?"

"ఊర్లుండవు మావా ఇందల. కాగితాలే."

కాసేపు చూశాడు. పెద్ద చుక్క మీద వేలు పెట్టి ఇదెవరిదన్నాడు. ఊరూరూ తిరిగి రక్తం తీసుకుని పరీక్ష చేసినవాళ్ళదని చెప్పాను.

"మా ఊరూ వొచ్చినారు ఎవులో. రత్తం తీసినారు, ఉచ్చ అట్టుకెల్లినారు. ఏ ఊరి నీల్లు తాగతావు, ఏ పని సేత్తావు, అన్నీ రాసుకున్నారు. ఏటి తేలిందో మల్లీ సెప్పనేదు."

ఏ టీమో ఆయనకి గుర్తులేదు. చాలా టీములు వచ్చి వెళ్ళాయి. కోపంగా కూడా అనలేదు. బస్సు రాలేదన్నట్టు అన్నాడు.

నేను బాణాల గురించి చెప్పాను. ఒక పేపర్ ఇంకో పేపర్‌ని ఉదహరిస్తే ఒక బాణం. పేపర్ నుంచి పేపర్‌కే బాణం పోతుంది. మనిషి నుంచి పేపర్‌కి బాణం ఉండదు. పేపర్ నుంచి మనిషికి తిరిగొచ్చే బాణం అసలే ఉండదు. ఆయన రక్తం ఏదో ఒక పట్టికలో ఒక అంకె అయి ఉండొచ్చు. ఆ అంకెని ఎంతమంది ఉదహరించారో నేను లెక్కపెట్టగలను. ఆ అంకె ఆయనకి తిరిగి చేరిందా లేదా అన్నది లెక్కపెట్టే ఇండెక్స్ ఏదీ లేదు.

చిన్నమావ లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. బట్టల కొట్టు కవరు. అందులో ఆయన మొత్తం వైద్య చరిత్ర ఉంది. ప్రిస్క్రిప్షన్లు, స్కాన్ ఫిల్ములు, సీరం క్రియాటినిన్ రిపోర్టులు. కొన్నింటి మీద అక్షరాలు వెలిసిపోయాయి. ఒక ఆసుపత్రిలో చేసిన పరీక్షలే ఇంకో ఆసుపత్రిలో వారం తిరక్కుండా మళ్ళీ చేశారు. పాతది వాళ్ళ కంప్యూటర్‌లో కనిపించదు కాబట్టి. ఆయన పేరు ఒక రిపోర్టులో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. వయసు మూడు రకాలు. ఉద్దానం స్పెల్లింగు మూడు రకాలుగా చీలినట్టే మా మావ కూడా ముగ్గురు మనుషులుగా చీలిపోయాడు.

హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పరిశోధనలో దీన్ని రికార్డులు కలపడం అంటారు. ఒకే మనిషి వేర్వేరు చోట్ల ఉన్న రికార్డుల్ని ఒకటని గుర్తించడం. దాని మీద వందల పేపర్లున్నాయి, గోడకి పెట్టిన మా బొమ్మలో వాటి చుక్కలున్నాయి. 2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా అందుకే. 14 అంకెల ఆభా నంబర్ ఒకటి ఇస్తారు, ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఆ నంబర్ మీద రికార్డులు దొరకాలన్నది ఆలోచన. మావకి ఆ నంబర్ ఉంది. సచివాలయం వాళ్ళు చేసిపెట్టారు. ఆ కార్డు కూడా అదే కవర్లో ఉంది.

ఆ కవర్లో ఒక రిపోర్టు దగ్గర నేను ఆగిపోయాను. సీరం ఫాస్ఫరస్. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, ఎముకలు దెబ్బతింటాయి. అందుకే డయాలసిస్ రోగులకి ఈ పరీక్ష తరచూ చేస్తారు. రక్తంలో ఫాస్ఫరస్‌ని రంగు మార్పు ఆధారంగా కొలిచే తేలికైన పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఇద్దరు ప్రకటించారు. సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన మన సుబ్బారావే. ఆ పేపర్ ప్రపంచంలో ఎక్కువసార్లు ఉదహరించిన పేపర్లలో ఒకటి. దశాబ్దాల తరబడి ఎక్కడ ఎవరు ఫాస్ఫరస్ కొలిచినా ఫిస్కే, సుబ్బారావుల పేరు చెప్పేవారు.

మా మావ రిపోర్టు మీద ఆ పేరు లేదు. ఉండాల్సిన పని కూడా లేదు. ఒక విషయం అందరి వాడుకలోకీ వెళ్ళిపోతే దాన్ని ఇక ఎవరూ ఉదహరించరు, పేరు కరిగిపోయి పని మాత్రం మిగులుతుంది. దీన్నీ మెర్టనే చెప్పాడు. శాస్త్రంలో ఒకరికి దక్కగల గొప్ప గౌరవాల్లో ఇదొకటేమో. గురుత్వాకర్షణ అన్నప్పుడల్లా ఎవరూ న్యూటన్ పుస్తకం పేజీ నంబర్ ఇవ్వరు కదా.

అక్కడే నాకు ఈ మ్యాప్‌తో ఉన్న అసలు పేచీ ఏమిటో తెలిసింది. సైటేషన్ లేకపోవడం రెండు రకాలు. ఒకటి సుబ్బారావుది. అందరికీ తెలిసిపోయింది కాబట్టి పేరు చెప్పరు. రెండోది మా చిన్నమావది, 1990ల్లో ఊళ్ళో జబ్బు వస్తోందని మొదట గమనించిన డాక్టరుగారిది, జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త రాసిన విలేకరిది. ఎవరూ రాసుకోలేదు కాబట్టి పేరు చెప్పరు. మ్యాప్‌లో ఈ రెండూ ఒకేలా ఉంటాయి. తెల్లటి ఖాళీ. బొమ్మ చూసినవాళ్ళకి ఏది కరిగిపోయిన జ్ఞానమో, ఏది ఎప్పుడూ లెక్కలోకే రాని జ్ఞానమో తెలిసే దారి లేదు.

ఇది ఉద్దానానికే పరిమితమైన సంగతి కాదు. ఇండియన్ సీకేడీ రిజిస్ట్రీ వాళ్ళు 2012లో దేశవ్యాప్తంగా 52,273 మంది కిడ్నీ రోగుల వివరాలు ప్రచురించారు. అందులో 16 శాతం మందికి 'కారణం నిర్ధారణ కాలేదు' అని ఉంది. ఆరుగురిలో ఒకరు. రిజిస్ట్రీ ఫారంలో అదొక గడి మాత్రమే. ఆ గడిలో టిక్ పెట్టిన డాక్టరుకి రోగి ఏం పని చేసేవాడో, ఎండలో ఎంతసేపు ఉండేవాడో రాయడానికి చోటుందా అన్నది వేరే ప్రశ్న. ఫారంలో చోటు లేని సంగతి డేటాలోకి రాదు. డేటాలోకి రానిది పేపర్లోకి రాదు. పేపర్లోకి రానిదాన్ని ఎవరూ ఉదహరించరు. అక్కడితో గొలుసు తెగిపోతుంది.

మరోవైపు, మ్యాప్‌లోకి రాకపోయినా జరిగినవి ఉన్నాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. ఊళ్ళవాళ్ళ ధర్నాలు, పార్టీల హామీలు, పత్రికల వార్తలు, ఆ వెనక ఎక్కడో ఈ పేపర్లు. ఏది ఎంత పనిచేసిందో బాణాలు గీసి చూపించలేం. 'పేపర్లేసుకుని ఏం చేస్తారు' అని మావ కొడుకు అన్నప్పుడు నేను ఈ నీళ్ళ సంగతి చెప్పాను. 'నీళ్ళు పేపర్లు తెచ్చాయా, ఓట్లు తెచ్చాయా' అన్నాడు. రెండూ అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం వాడికి లేదు కూడా.

శ్రీకాకుళంలో కథానిలయం చూసినవాళ్ళకి నేను ఇప్పుడు చెప్పబోయేది వింతగా ఉండదు. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు దాన్ని మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆశయం. పేరున్న రచయితదా, ఒక్క కథ రాసి మానేసినవాళ్ళదా అన్న తేడా లేదు. ఏ కథ, ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ సంచికలో. ఎంతమంది మెచ్చుకున్నారన్న లెక్కతో అక్కడ పని లేదు. అచ్చయిందా, అయితే ఉండాలి. ప్రభావాన్ని కొలిచే ఇండెక్స్ ఒక రకం. ఏదీ పోకుండా చూసే ఇండెక్స్ ఇంకో రకం. గార్‌ఫీల్డ్‌ది మొదటిది, కారా మాస్టారిది రెండోది. ఉద్దానానికి మొదటిది ఎంతో కొంత ఉంది. రెండోది లేదు.

అందుకని మూడో పని మొదలుపెట్టాను. ఇది బొమ్మ కాదు, జాబితా. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఏ భాషలో, ఏ రూపంలో వచ్చినా ఒక వరస. ఇంగ్లీషు పేపర్లు, మూడు స్పెల్లింగులతోనూ. యూనివర్సిటీ గదుల్లో బైండు చేసి బీరువాల్లో పెట్టిన థీసిస్‌లు. ప్రభుత్వ కమిటీ నివేదికలు. తెలుగు దినపత్రికల జిల్లా ఎడిషన్ల వార్తలు, తేదీతో సహా. ఈ జబ్బు మీద వచ్చిన కథలు, కవితలు, పాటలు. ఒక్కో వరసలో చివరి గడి నేనే పెట్టుకున్నాను. 'ఈ సంగతి ఊరికి తిరిగి చెప్పారా?' అని. చాలావాటి ఎదురుగా ప్రస్తుతం ఏమీ రాయలేకపోతున్నాను. రాసినవాళ్ళకి మెయిల్ పెట్టి అడుగుతున్నాను. కొందరు జవాబిచ్చారు. ఒకరు, ఎవరూ ఇంతవరకూ అలా అడగలేదని రాశారు.

రోగుల పేర్లు ఆ జాబితాలో ఉండవు. ఉండకూడదు. కానీ ఊళ్ళ పేర్లు ఉంటాయి. ఏ సంవత్సరం ఏ ఊరికి ఎవరొచ్చి ఏం తీసుకెళ్ళారన్నది ఉంటుంది. అది చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, టీముల్ని ఇంటింటికీ తిప్పిన కుర్రాళ్ళు. వాళ్ళందరి దగ్గరా ఏదో ఒక నోట్‌బుక్ ఉంది.

చిన్నమావ దగ్గర నుంచి మొదలుపెడదామని ఫోన్ చేసి, ఆ రక్తం తీసుకెళ్ళినవాళ్ళు ఏ నెలలో వచ్చారో గుర్తుందా అని అడిగాను.

"జీడిపిక్కలు ఏరతన్న రోజులు" అన్నాడు. కాస్త ఆగి, "ఆ ఏడు కాపు నేదు. రాసుకో" అన్నాడు.